భీమిలి దాకా సైకిలుమీద



ఈ పూట నేను చెప్పబోయేది వంట గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. సైకిలు గురించి. “ఈ వయసులో మనకెందుకమ్మా సైకిలు!” అని అప్పుడే రేడియో గొంతు తగ్గించేయకండి. ఒక్క పదినిమిషాలు వినండి.

విశాఖపట్నంలో పాతికేళ్ళుగా కాపురం చేస్తూ, చుట్టాలొచ్చినప్పుడు తప్ప సముద్రం మొహం చూడని ఇల్లాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. అప్పుడైనా మనం చేసేదేమిటి? అందరి చెప్పులకూ కాపలా కాయడం, పిల్లలు నీళ్ళలోకి పోకుండా కేకలెయ్యడం, మురీ మిక్చరు పొట్లాలు పంచడం. చీకటి పడగానే “రాత్రికి కూరేమిటి” అనుకుంటూ ఇంటికి రావడం. ఊళ్ళోనే ఉన్న సముద్రం దగ్గరికి ఒక్కరం వెళ్ళాలంటే, తీసుకెళ్ళేవాళ్ళ తీరిక కోసం కనిపెట్టుకుని ఉండాలి. సైకిలు తొక్కడం వస్తే ఆ కనిపెట్టుకుని ఉండడం తప్పుతుంది. నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే.

రామకృష్ణా బీచి నుంచి భీమునిపట్నం దాకా సముద్రం పక్కనే పోయే రోడ్డుంది. సుమారు పాతిక కిలోమీటర్లు. కొత్తగా తొక్కేవాళ్ళు గంటకు పది, పన్నెండు కిలోమీటర్లు పోగలరు. అంటే రెండు రెండున్నర గంటల ప్రయాణం. కాని మొదటి రోజునే భీమిలి చూడాలనుకోకండి. నాలుగు ఆదివారాలుగా పంచుకోండి.

మొదటి ఆదివారం తెన్నేటి పార్కు దాకా, సుమారు ఆరు కిలోమీటర్లు. దారిలో కురుసుర జలాంతర్గామి కనిపిస్తుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఒడ్డుమీద నిలిచింది. కొంచెం ముందుకు పోతే ఎడమ పక్క కైలాసగిరి, కుడి పక్క సముద్రం, మధ్యన మన రోడ్డు. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తెంపుకుని బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఆగింది ఈ పార్కు దగ్గర రాళ్ళమీదనే. ఈ ఒడ్డుకు గాలివానలు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్ళో చెట్లెన్నో కూలిపోయాయి, బీచి రోడ్డు కూడా దెబ్బతింది. కాబట్టి వాతావరణశాఖ హెచ్చరిక ఉన్న రోజున సైకిలు బయటికి తియ్యకండి.

రెండో ఆదివారం రుషికొండ దాకా, సుమారు పది కిలోమీటర్లు. ఇక్కడ కాస్త ఎత్తుపల్లాలు తగులుతాయి. ఎత్తు వచ్చినప్పుడు గేర్ల సైకిలైతే తేలిక గేరులోకి మార్చుకోండి. గేర్లు లేకపోతే దిగి నడిపించుకు పోండి, అందులో చిన్నతనమేమీ లేదు. దిగేటప్పుడు మాత్రం ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేయకూడదు. రెండు బ్రేకులూ కలిపి, కొంచెం కొంచెంగా పట్టాలి. రుషికొండ నీళ్ళు చూడటానికి అందంగానే ఉంటాయి. కాని ఈ తీరంలో అలలు లోపలికి లాగేస్తాయి. కాళ్ళు తడుపుకుంటే చాలు, లోపలికి దిగొద్దు.

మూడో ఆదివారం తొట్లకొండ మలుపు దాకా, సుమారు పదిహేను కిలోమీటర్లు. మంగమారిపేట దగ్గర ఎడమ వైపుకు కొండమీదికి దారి చీలుతుంది. పైన రెండువేల సంవత్సరాల నాటి బౌద్ధారామం ఉంది. 1976లో నౌకాదళంవారు విమానం మీంచి సర్వే చేస్తుంటే ఈ స్థలం కంటబడింది. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. కొండరాతిలో తొలిచిన నీటి తొట్లనుబట్టే దానికా పేరు. బిక్షువులు వాననీటిని కొండమీదే దాచుకుని వాడుకున్నారన్నమాట. కుళాయిలో నీళ్ళు రెండు రోజులు రాకపోతే ఇల్లెంత తలకిందులవుతుందో మనకు తెలుసు గనుక, ఆ తొట్లు చూస్తే వాళ్ళ ముందుచూపు మనకే బాగా అర్థమవుతుంది. కొండ ఎక్కేదారి నిటారు. కొత్తవాళ్ళు నడిచి ఎక్కడమే మంచిది.

నాలుగో ఆదివారం భీమిలి. ఊరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. వేల సంవత్సరాలపాటు గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రరంగు తిరిగింది. వాననీళ్ళు కోసి వాగులు చేశాయి. ఇటువంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు దక్షిణ తీరంలోనూ, సింహళంలోనూ తప్ప మన చుట్టుపక్కల కనిపించవు. సైకిలు రోడ్డుమీదే ఉంచి నడిచి వెళ్ళి చూడండి. చక్రాలు తొక్కితే ఆ మన్ను రాలిపోతుంది. ఒకసారి రాలిన దాన్ని మళ్ళీ పేర్చేవాళ్ళు లేరు.

ఇక భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకం చేశారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ ఏర్పడిన ఊరిది. కొండమీద నరసింహస్వామి గుడి, కింద దీపస్తంభం. అన్నీ చూసి తిరిగి తొక్కుకు రావటానికి ఓపిక లేకపోతే, సామాన్లు మోసే ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్ళు అందులో ఎక్కించుకు రావచ్చు.

ఇప్పుడు గాలి సంగతి చెప్పాలి. ఇది తెలియక చాలామంది మొదటిరోజే విసుగెత్తి మానేస్తారు. ఎండాకాలంలోనూ, వానాకాలంలోనూ ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి మూల నుంచి వీస్తుంది. మన రోడ్డు పోయేది ఈశాన్యానికి. కాబట్టి వెళ్ళేటప్పుడు గాలి వీపున తోస్తుంది, సైకిలు దానంతటదే పోతున్నట్టుంటుంది. “అబ్బ, నాకెంత బలముందో!” అనిపిస్తుంది. వెనక్కి తిరిగాక తెలుస్తుంది అసలు సంగతి. ఎదురుగాలి, పైగా ఎక్కివస్తున్న ఎండ. అందుచేత సగం ఓపిక తిరుగుప్రయాణానికి దాచుకోవాలి. గాలి తక్కువగా ఉండేది తెల్లవారుజామునే. జూన్‌లో అయిదున్నర లోపే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. వెలుగు రాగానే బయల్దేరితే ఎండ ముదిరేలోగా ఇంట్లో ఉండొచ్చు. అన్నిటికన్నా మంచి నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా.

బట్టల మాటకొస్తే, చీర కుచ్చెళ్ళు చైనులో పడితే మనిషి పడుతుంది. సల్వారు కమీజు మేలు, చున్నీ నడుముకు బిగించి కట్టుకోండి. చీరే కట్టుకుంటామనేవాళ్ళు చైనుకు పూర్తి కవరూ, వెనక చక్రానికి వలా ఉన్న లేడీస్ సైకిలు తీసుకోండి. కూర్చుంటే కాలివేళ్ళు నేలకు అందేలా సీటు పెట్టించుకోండి. తలకు హెల్మెటు, సైకిలుకు ముందో లైటు, వెనకో ఎర్రలైటు తప్పనిసరి. సెలవురోజుల్లో ఈ రోడ్డుమీద కార్లు, మోటారుసైకిళ్ళు మహా వేగంగా వస్తాయి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి గాని, పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కకండి. ఒకరి వెనక ఒకరు, ఎడమ అంచున పోవాలి. ఇంట్లో దారీ వేళా చెప్పి వెళ్ళండి. నీళ్ళసీసా, ఉప్పేసిన మజ్జిగ, రెండు అరటిపళ్ళు చాలు. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది గనుక ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, చైనుకు రెండు చుక్కలు నూనె వెయ్యండి. మోకాళ్ళ నొప్పులూ, గుండెజబ్బూ, రక్తపుపోటూ ఉన్నవాళ్ళు డాక్టరు నడిగాకే మొదలుపెట్టాలి.

“నేర్పేదెవరు? నలుగురూ నవ్వరూ?” అంటారా? తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990 దశకం మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కలెక్టరు షీలారాణి చుంకత్‌గారు చదువుతోపాటు ఆడవాళ్ళకు సైకిలు కూడా నేర్పించే ఏర్పాటు చేశారు. లక్షమందికి పైగా పల్లెటూరి స్త్రీలు నేర్చుకున్నారు. కూలికి పోయేవాళ్ళూ, రాతిక్వారీల్లో పనిచేసేవాళ్ళూ! మొదట్లో నవ్వినవాళ్ళున్నారు, నానా మాటలూ అన్నవాళ్ళున్నారు. వాళ్ళు ఆగలేదు. బస్సు కోసం చూడకుండా నీళ్ళబిందె, సంతసరుకు, వెనక పిల్ల – అన్నీ సైకిలుమీదే వేసుకుపోయారు. అంత పనిలో ఉన్నవాళ్ళకు చేతనైంది మనకు చేతకాదా?

మా ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు మావారు “పడితే ఎవరు చూస్తారు?” అన్నారు. మా అత్తగారు కూరలు తరుగుతూ, “పడితే లేస్తుంది. పుట్టెడు పప్పు రుబ్బిన చేతులవి, హ్యాండిలు పట్టుకోలేవా?” అన్నారు. ఆవిడ ఎనభయ్యేళ్ళ మనిషి, జన్మలో సైకిలెక్కలేదు. ఆ ఒక్కమాట అయినతర్వాత ఇక మా ఇంట్లో చర్చ లేదు. మీ ఇంట్లో కూడా సాయపడే నోరు ఒకటి ఉండే ఉంటుంది, ముందు ఆవిడతో చెప్పి చూడండి.

ఆదివారం ఉదయం మూడు గంటలు. టిఫిను ముందురోజు రాత్రే సిద్ధం చేసుకోవచ్చు, లేదా ఆ ఒక్కపూటా ఇంట్లోవాళ్ళనే చేసుకోమనొచ్చు. ఇడ్లీపిండి గిన్నెలో పోసి పొయ్యిమీద పెట్టడం ఎవరికైనా వచ్చే విద్యే. వచ్చే ఆదివారం ఆరు కిలోమీటర్లతో మొదలుపెట్టండి. ముందుగా ఇవాళే సైకిలు చక్రాల్లో గాలి ఉందో లేదో చూసుకోండి.