ఇల్లు అమ్మడం ఒక ఫైలు, ఊరు మారడం మరో ఫైలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, ఆరోగ్య కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఉదయం నుండి మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను ఇల్లు అమ్మిన అనుభవం చెప్పమన్నారు. అది నా సొంత గొడవ కదండీ అన్నాను. "మన సభ్యుల పిల్లలు ఎంతమంది సొంత ఊళ్ళో ఉన్నారు? ఈ గొడవ ఇవాళ మీది, రేపు మాది" అన్నారు. కాబట్టి నిలబడ్డాను. ఎక్కువ సమయం తీసుకోను.

మాది మచిలీపట్నంలో 200 గజాల స్థలంలో డాబా. ప్రభుత్వ గృహనిర్మాణ అప్పుతో 1990లో కట్టుకున్నది. 2017లో మా ఆవిడకు మోకాళ్ళు సహకరించక ఇల్లంతా బాగుచేయించాం. కడప బండలు తీయించి జారని టైల్సు వేయించాం. స్నానాలగదిలో కమోడు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీలు పెట్టించాం. వీధి మెట్ల పక్కన ఏటవాలుగా గచ్చు పోయించాం. బందరు ఉప్పుగాలికి శ్లాబులో చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతుంటే అదీ సరిచేయించాం. అన్నీ కలిపి తొమ్మిది లక్షలు దాటింది.

ఆ తర్వాత ఆవిడకు గుండె ఆపరేషన్ అయింది. నెలనెలా విజయవాడలో డాక్టరుకు చూపించాలి. రానూ పోనూ 140 కిలోమీటర్లు. అమ్మాయి కాపురం విజయవాడలోనే. కనుక ఇల్లు అమ్మేసి అక్కడికి మారాలని 2023 జనవరిలో నిర్ణయించుకున్నాం. స్థలం గజం 22,000 చొప్పున 44 లక్షలు, కట్టడానికి 18 లక్షలు, వెరసి 62 లక్షలని బ్రోకరుకు చెప్పాం.

ఇక చూడవచ్చినవారి సంగతి. ఒకాయన ఇల్లంతా తిరిగి చూసి, "ఇల్లు బ్రహ్మాండంగా ఉంది బాబాయిగారూ. మేం మాత్రం పడగొట్టి అపార్టుమెంటు వేస్తాం, స్థలం ధర 44 చెప్పండి" అన్నాడు. మరొకరు దిక్సూచి పట్టుకొచ్చి వంటగది ఆగ్నేయంలో లేదని తేల్చి వెళ్ళారు. ఇంకొకరు 1977 ఉప్పెనలో ఈ వీధికి నీళ్ళు వచ్చాయా అని అడిగారు. ఒక దంపతులకు అన్నీ నచ్చాయి, ఆ స్టీలు కడ్డీలు తప్ప. "ఎవరికైనా బాగాలేదా అండీ?" అని ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. మనకు ఆసరా అయినది కొనేవారికి అపశకునంగా కనిపిస్తుందని ఆ రోజు తెలిసింది.

బ్యాంకు అప్పుతో కొనడానికి ఒకరు ముందుకొచ్చారు. బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజినీరు వచ్చాడు. టైల్సు వంక చూడలేదు. కట్టిన ఏడాది అడిగి, 1990 అనగానే తరుగు లెక్క వేశాడు. ఆయన వేసిన విలువకు బ్యాంకు ఇచ్చే అప్పు చాలక ఆ బేరం పోయింది.

దీన్నిబట్టి మీకు మనవి చేసేదేమంటే, మన వయసులో ఇంటి బాగుకు పెట్టిన డబ్బును పెట్టుబడి ఖాతాలో వ్రాసుకోకూడదు, ఖర్చు ఖాతాలో వ్రాసుకోవాలి. మా ఆవిడ ఆ ఇంట్లో ఆరేళ్ళు ఒక్కసారీ జారిపడకుండా తిరిగింది. ఆ తొమ్మిది లక్షలూ అలా వసూలయ్యాయి. అదే సొమ్ము కొనేవాడి దగ్గర రెండోసారి వసూలు కాదు. అతను కొనేది స్థలాన్ని, కాగితాలను. మన అభిరుచికి, అవసరానికి అతను ఖరీదు కట్టడు.

కాగితాల మాట వచ్చింది కనుక ఒక ముఖ్యమైన విషయం. మనలో చాలామంది ప్రభుత్వ అప్పుతోనే ఇల్లు కట్టుకున్నాం. అప్పటికి ఇంటిని ప్రభుత్వానికి తనఖా పెట్టాం. జీతంలో కోత ఆగిపోయింది గనుక అప్పు తీరిందనుకుంటాం. కాని సబ్ రిజిస్ట్రారు పుస్తకాల్లో తనఖా అలాగే ఉంటుంది. శాఖ నుండి బాకీ లేదన్న పత్రం తీసుకుని, తనఖా విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటేనే ఈసీలో విడుదల కనబడుతుంది. నా విషయంలో అది సర్వీసులో ఉండగానే పూర్తయింది. మా వీధిలోని ఇంకో పెన్షనరుకు మాత్రం బేరం కుదిరాక, కొనేవారి వకీలు ఈసీ చూసి అడిగేవరకు సంగతి తెలియలేదు. పాత ఫైలు వెదికించి, విడుదల చేయించేసరికి బేరం చల్లబడింది. అమ్మే ఆలోచన లేనివారు కూడా ఇంటికి వెళ్ళగానే ఈసీ తీయించి చూసుకోండి. మన తర్వాత పిల్లలు ఆ ఫైలు వెదకలేరు. దాంతోపాటు లింకు దస్తావేజులు, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదులు ఒక సంచిలో పెట్టుకోండి.

ఇంకొకటి. కొంత చెక్కు, కొంత నగదు అనే బేరాలు మాకూ వచ్చాయి. ఒప్పుకోలేదు. 2015 జూన్ 1 నుండి స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గాని ఆపైన గాని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. తీసుకున్నంత సొమ్మూ జరిమానా పడవచ్చు. జీవితమంతా ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు వ్రాసినవాళ్ళం, ముసలితనంలో కొత్త అభ్యంతరం ఎందుకు?

ఇలా పదిహేను నెలలు గడిచాయి. నెలనెలా బస్సు ప్రయాణం తప్పలేదు. ఇల్లు అమ్ముడయితే గాని కదలలేమనీ, ధర వస్తే గాని అమ్మలేమనీ రెండూ ఒకదానికొకటి ముడిపడి కూర్చున్నాయి. ఒకనాడు బస్సు దిగి మా ఆవిడ అంది, "ఏమండీ, ఇల్లు అమ్ముడుపోయేదాకా నేను ఉండాలిగా." నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆఫీసులో రెండు వేర్వేరు విషయాలను ఒకే ఫైలులో నడిపితే ఏమవుతుందో మనకు తెలుసు. ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. అందుచేత ఫైలును రెండు చేశాం. 2024 ఏప్రిల్‌లో విజయవాడ పటమటలో అమ్మాయి ఇంటికి దగ్గరగా కింది వాటాలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. బందరు ఇంటిని పదకొండు నెలల ఒప్పందం మీద, బేరం కుదిరితే రెండు నెలల్లో ఖాళీ చేసే షరతుతో ఒక ఉద్యోగి కుటుంబానికి ఇచ్చాం. ఆ అద్దె ఇక్కడి అద్దెకు పూర్తిగా చాలలేదు, పెన్షనులోంచి కొంత వేసుకున్నాం. కాని ఆస్పత్రికి ఆటోలో పావుగంటలో చేరేవాళ్ళం.

తొందర మన వైపు తగ్గేసరికి బేరమూ నిదానంగా సాగింది. పిల్లల చదువులకు బందరు వచ్చి స్థిరపడదలచిన ఒక కుటుంబం 2025 జనవరిలో 51 లక్షలకు కొన్నది. స్థలం ధర 44 పోగా కట్టడానికి ఏడు లక్షలు వచ్చినట్లు. అడిగినదానికి 11 లక్షలు తక్కువే. ధర 50 లక్షలకు తగ్గలేదు గనుక నూటికి ఒక రూపాయి చొప్పున 51,000 పన్ను కింద మినహాయించి మిగతాది బ్యాంకు ద్వారా ఇచ్చారు. ఆ మినహాయింపు మన పాన్ నెంబరు మీద జమ అవుతుంది, రిటర్నులో చూపుకోవాలి.

పన్ను గురించి రెండు మాటలు. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఇంటికి అసలు ఖరీదు బదులు ఆ తేదీనాటి విలువను లెక్కకు తీసుకోవచ్చు. అయితే అది రిజిస్ట్రేషను శాఖ వారి ఆనాటి విలువను మించరాదు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్ళకు, ఆ తేదీ నుండి అమ్మినప్పుడు, ధరల సూచీ లేకుండా 12.5 శాతం గాని, సూచీతో 20 శాతం గాని ఏది తక్కువైతే అది పడుతుంది. వచ్చిన లాభంతో అమ్మకానికి ముందు ఏడాదిలోగాని, తర్వాత రెండేళ్ళలోగాని మరో ఇల్లు కొంటే ఆ మేరకు మినహాయింపు ఉంది. శాశ్వతమైన మార్పులకు పెట్టిన ఖర్చు కూడా లెక్కలో చూపవచ్చు, బిల్లులుంటే. టైల్సు బిల్లు కొనేవాడికి అక్కరలేదు గాని ఆడిటరుకు కావాలి. పారేయకండి.

సభ్యులకు నా విన్నపం ఇది. కాళ్ళు ఆడుతుండగానే కాగితాలు సరిచేసుకోండి. ఇంటి బాగు మీ సుఖం కోసం చేయించుకోండి, దాని ధర కోసం కాదు. మారవలసిన అవసరం ఆరోగ్యం వల్ల వచ్చినప్పుడు మాత్రం ఇల్లు అమ్ముడయ్యేదాకా ఆగవద్దు. తగ్గిన 11 లక్షల లెక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. కాని బస్సులో తిరిగిన ఆ పదిహేను నెలలకు ఏ ఖాతాలోనూ జమ లేదు.