గేటు దాకా దారి మనది కావాలి



ఈ సోలాపూర్‌లో మనలో చాలామందిమి పనికి పోయేది కాలినడకన, లేకుంటే సైకిలు మీద. రాత్రి షిఫ్టు దిగి వస్తే ఫుట్‌పాత్ ఉండదు. ఉన్నచోట మోటారు సైకిళ్లు నిలిపి ఉంటాయి. లారీల మధ్యకు దిగక తప్పదు.

మనం దయ అడగడం లేదు. ఫుట్‌పాత్ మీద అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే చెప్పింది. నడిచే దారి జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు అన్నది. డ్యూటీకి వచ్చిపోయే దారిలో జరిగే ప్రమాదాన్ని పనిలో ప్రమాదంగా లెక్కించేలా ఈఎస్‌ఐ చట్టాన్ని 2010లో సవరించారు.

కాని కాలు విరిగాక వచ్చే పరిహారం కన్నా విరగని కాలే మనకు ముఖ్యం. కూలి రేటు కోసం కలిసి అడిగినట్టే ఫుట్‌పాత్, సైకిలు బాట, వీధిదీపాల కోసం మునిసిపల్ కార్పొరేషన్‌ను కలిసి అడుగుదాం!