కీళ్ళనొప్పులు - మన మూలికలు

పూర్వం విశాఖపట్టణం జిల్లాలో ఉండి, 2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం ప్రాంతం చెరకుసాగుకు పేరుపొందినది. ఏళ్ళ తరబడి నడుము వంచి పొలంలో శ్రమించినవారికి వయస్సు మళ్ళేసరికి మోకాళ్ళు మొరాయించడం వింత కాదు. “వాతం పట్టుకొన్నది” అన్న మాట వినబడగానే ఇరుగుపొరుగువారు తలా ఒక మూలిక పేరు చెప్పుతారు. వాటిలో దేనిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ పూట విచారిద్దాము.

కీళ్ళనొప్పులన్నీ ఒకే జాతివి కావు. వయస్సుతో కీలు అరిగి వచ్చే నొప్పి నడిస్తే హెచ్చుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది. ఆమవాతంలో చేతివ్రేళ్ళ కీళ్ళు వాచి, ఉదయం గంటకు పైగా బిగుసుకొని ఉంటాయి. బొటనవ్రేలు అర్ధరాత్రి హఠాత్తుగా మండిపోయే వాతరక్తం మరొకటి. మాధవనిదానం నాడే ఆమవాతాన్ని ప్రత్యేకంగా వర్ణించినది. అన్నింటికీ ఒకే పొడి పనిచేస్తుందనడం శాస్త్రసమ్మతం కాదు.

వావిలాకు కాపడం, ఆముదపు మర్దనం తాత్కాలికంగా ఊరటనిస్తాయి, అపాయం స్వల్పం. పసుపులోని సారము, శల్లకి జిగురు మోకాలి నొప్పిని కొంత తగ్గించగలవని కొన్ని చిన్న పరిశోధనలలో తేలినది. అరిగిన కీలును అవి తిరిగి మొలిపించలేవు. అమెరికాలో 1,583 మంది మోకాలి రోగులపై జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు మొత్తంమీద ఉత్తుత్తి మాత్రలకంటె చెప్పుకోదగినంత మెరుగుగా పనిచేయలేదు.

మూలికలను తేలికచేయడం మా ఉద్దేశం కాదు. విల్లో చెట్టు బెరడులోని గుణాన్ని వెంబడించిన అన్వేషణయే 1897లో ఆస్పిరిన్‌కు దారితీసినది. అయితే మేలుచేసే శక్తి గల వస్తువుకు కీడుచేసే శక్తి కూడా ఉంటుంది. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు పసుపు మాత్రలను వైద్యుని అడగకుండా మ్రింగరాదు.

మా మేనత్తగారు ఒక సంతలో పేరూ ఊరూ లేని పొడి పొట్లాలు కొన్నారు. మూడు రోజులలో నొప్పి మాయమైనది. మేమందరమూ సంతోషించాము. కొన్ని నెలలకు ముఖం ఉబ్బినది, రక్తంలో చక్కెర హెచ్చినది. పొడిలో స్టిరాయిడ్ కలిపి ఉంటారని వైద్యుడు అనుమానించి, దానిని ఒక్కసారిగా మానితే ప్రాణాపాయమని చెప్పి, తన పర్యవేక్షణలో క్రమంగా మాన్పించాడు. మేము మందలించబోతే ఆమె, “ఆ నెలలన్నీ విఘ్నేశ్వరుని గుడికి నా కాళ్ళతో నేను నడిచినాను గదా నాయనా!” అన్నది. మాకు జవాబు తోచలేదు. నొప్పితో బ్రతికేవారి ఆశను పరిహసించే హక్కు ఎవరికీ లేదు. ఆ ఆశను అమ్ముకొనే వారినే నిలదీయవలసి ఉన్నది.

కనుక లైసెన్సు సంఖ్య, ద్రవ్యాల పట్టిక లేని మందు కొనకండి. వాడుతున్న ప్రతి మూలికను వైద్యునికి చెప్పండి. వ్రేళ్ళ వాపు కొన్ని వారాలైనా తగ్గకపోతే జాగు చేయవద్దు. ఆమవాతంలో ఆలస్యమైతే కీళ్ళు శాశ్వతంగా వంకరపోవచ్చును. అరుగుదల నొప్పికి బరువు తగ్గించుకోవడం, తొడ కండరాలకు వ్యాయామం ముఖ్యం. కుర్చీలో కూర్చుండి కాలు చాచి, పది లెక్కించి దించడం ఎవరైనా చేయగలరు. మా మేనత్తగారు ఇప్పుడు రోజూ అది చేస్తున్నారు. సాయంకాలం వావిలాకు కాపడమూ మానలేదు; మానమని వైద్యుడూ అనలేదు.