రక్తంలో వచ్చిన మార్పును వంశానికి అంటగట్టకండి

(పెంటపాడులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రక్త క్యాన్సర్ అనగానే మన ఊళ్లలో ఆశ వదిలేసుకుంటారు. డాక్టరు ‘జీన్ పరీక్ష’ రాశాడంటే దానికి తోడు ఇంకో అనుమానం పుడుతుంది. జబ్బు పడింది కోడలైతే ‘మీ వంశంలో ఉన్న రోగం దాచి పెళ్లి చేశారు’ అని పుట్టింటికి పంపేస్తారు. ఆమె చెల్లెలికి వచ్చిన సంబంధం కూడా వెనక్కి పోతుంది. అదే జబ్బు కొడుక్కి వస్తే వంశం మాట ఎవరూ ఎత్తరు. అందుకని ముందు ఈ పరీక్ష సంగతి తెలుసుకుందాం.

సి.ఎం.ఎల్. అనే దీర్ఘకాలిక రక్త క్యాన్సర్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తెగి, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతుక్కుంటుంది. ఆ అతుకు దగ్గర బి.సి.ఆర్-ఏ.బి.ఎల్. అనే జంట జీన్ తయారై తెల్లకణాలను అదుపు లేకుండా పెంచుతుంది. ఈ మార్పిడిని 1973లో కనిపెట్టింది జానెట్ రౌలీ అనే అమెరికన్ స్త్రీ. నలుగురు పిల్లల తల్లి. క్రోమోజోముల ఫోటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీదే పేర్చుకుని చూసేదట!

ఇది ఎముక మజ్జలోని ఒక్క కణంలో, మనిషి పుట్టాక జరిగే మార్పు. తల్లిదండ్రుల నుంచి రాదు. బిడ్డలకు పోదు. చెల్లెలి పెళ్లికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట డాక్టరు చేత ఇంటివాళ్లందరి ముందూ చెప్పించాలి.

2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చాక ఈ జబ్బు రోజూ మందు వేసుకుంటూ బతకగలిగేదయింది. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ నెలకు 1,20,000 రూపాయల దాకా ఉండేది. హైదరాబాదు నాట్కో లాంటి కంపెనీల మాత్రలు పదివేల లోపే దొరికాయి. పేషెంట్ల సంఘం కూడా పోరాడిన ఆ పేటెంటు కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు పేటెంటు నిరాకరించింది.

మందు అందుబాటులోకి వచ్చింది సరే, పరీక్ష మాటేమిటి? అది ఒకసారి చేయించి ఊరుకునేది కాదు. రక్తంలో ఆ జీన్ ఎంత మిగిలిందో మొదట్లో మూడు నెలలకోసారి చూడాలి. మూడు నెలలకు 10 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. దిగలేదంటే మాత్రలు సరిగా వేసుకోవడం లేదనో, మందు పనిచేయడం లేదనో అర్థం. అప్పుడు మార్చడానికి వేరే మందులున్నాయి. మండల ఆసుపత్రిలో జరిగే పరీక్ష కాదిది, రక్తం పెద్ద ల్యాబుకు పోవాలి. నాట్ల రోజుల్లో కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని వెళ్లాలంటే ‘నాకు బాగానే ఉందిగా’ అని వాయిదా వేసేది ఆడమనిషే. పైకి బాగానే ఉంటుంది కూడా. ఆ బాగుండటాన్ని నమ్మడానికి లేదు. మందు ఉచితంగా ఇమ్మని అడిగేటప్పుడు పరీక్షనూ, దారి ఖర్చులనూ కలిపి అడగాలి.

ఇంకొకటి. ఈ మాత్రలు వేసుకుంటుండగా గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం. అలాగని బిడ్డలే వద్దని కాదు. ఏళ్ల తరబడి జీన్ బాగా తక్కువగా ఉన్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో మందు ఆపి గర్భం దాల్చవచ్చు. ఈ సంగతి భర్తకో అత్తగారికో కాదు, ఆమెకు చెప్పాలి. రిపోర్టు నకలూ ఆమె దగ్గరే ఉండాలి.

మీ ఊళ్లో ఈ మాత్రలు వాడే స్త్రీ కనబడితే, కిందటి పరీక్ష ఎప్పుడు చేయించిందో, ఎంత శాతం వచ్చిందో అడగండి.