ముందు ఊపిరి వదలండి
(తుళ్లూరులో రైతులతో మాట్లాడిన మాటలు)



రైతు సంఘం వాళ్లు ధరల గురించి మాట్లాడాలి గానీ ఊపిరి గురించి చెప్పడమేమిటని ఇందాకే ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఊపిరి పీల్చి వదిలితే మిర్చి ధర పెరగదు, వడ్డీ తగ్గదు. ఆ పోరాటం ఆపమని మేం అనడం లేదు.

కానీ ఈ ఊరి సంగతి మనకు తెలుసు. 2015లో భూసమీకరణకు పొలాలిచ్చాం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక నాలుగేళ్లకు పైగా శిబిరాల్లో కూర్చున్నాం. పగలు నినాదాలిచ్చి, రాత్రి రెండింటికి కళ్లు తెరుచుకుని పడుకున్నాం. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతను తినేసినప్పుడు, కౌలు ముందే కట్టిన రైతుకూ అవే రాత్రులు.

అప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. అప్పులవాడికీ పాముకీ తేడా ఒంటికి తెలియదు. రెండింటికీ పరుగుకే సిద్ధమవుతుంది. గుండె మన మాట వినదు, ఊపిరి వింటుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే వదలడాన్ని సాగదీయాలి.

కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి, పొట్ట లేవాలి. వేడి టీ ఊదినట్టు ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. ఐదు నిమిషాలు చాలు. బిగపట్టొద్దు. తల తిరిగితే మానేయండి. కల్లంలో కాయ కాపలా ఉన్నప్పుడు, మనసు కుదురుగా ఉన్నప్పుడే అలవాటు చేసుకోవాలి. దడ మొదలయ్యాక నేర్చుకోవడం కష్టం.

ఒక్క జాగ్రత్త. పురుగుమందు కొట్టి వచ్చాక ఊపిరాడక, చెమటలు పట్టి, నోట్లో నీళ్లూరి, చూపు మసకబారితే అది దిగులు కాదు, మందు ఒంటికెక్కింది. బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుండెల్లో నొప్పి వచ్చినా ఆగొద్దు.

ఇంకొకటి. చెప్పడానికి నోరు రావడం లేదు. చచ్చిపోదామన్న ఆలోచన చాలామందికి ఒక్కసారిగా పొంగి, కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపట్లో మందు డబ్బా చేతికి అందకూడదు. మంచం కింద పెట్టకండి. తాళం వేసి, తాళంచెవి ఇంకొకరికివ్వండి. 14416, టెలీ మానస్, రాత్రయినా పగలయినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అప్పు ఎంతో ఇంట్లో చెప్పండి. కాగితాలు సంఘానికి తెండి, కలిసి కూర్చుని చూద్దాం.

సరే, ఇప్పుడిక్కడే ఒకసారి చేద్దాం. వెనక నవ్వుతున్న అన్నలూ, మీరు కూడా. పొట్ట మీద చెయ్యి పెట్టండి. ఒకటి, రెండు...