పాత కారు: కార్బ్యురేటరు సర్దుబాటు

కొత్తవలస నుండి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్ళు దారిలో ఘాటు ఎక్కునపుడు పాత కారు గలవారికి ఒక సందేహము కలుగును. ఊరిలో హాయిగా నడచిన ఇంజను కొండమీద ఏల మందగించును? అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయినను, ఆ కారును ఇంటి మనిషివలె చూచుకొను కుటుంబములు నేటికిని కలవు. వారికొరకే ఈ నాలుగు మాటలు.

కార్బ్యురేటరు పని మిక్కిలి సులభమైనది. గాలి ఇరుకు గొంతులో వేగముగా పోవునపుడు అచట పీడనము తగ్గును. అందువలన జెట్టు గుండా పెట్రోలు పైకి వచ్చి తుంపురులై గాలిలో కలియును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావలెను. అమెరికాలో 1952లో బ్యూకు, క్యాడిలాకు మొదలగు పెద్ద కార్లకు నాలుగు గొంతుల కార్బ్యురేటరు వచ్చినది. అందు రెండు గొంతులు నిత్యము పనిచేయును. యాక్సిలరేటరు బాగుగా అదిమినపుడే తక్కిన రెండును తెరచుకొనును. మన అంబాసిడరుది ఒంటి గొంతు. అయినను సూత్రమొక్కటియే.

ఒకమారు మేము అరకులో చలి ఉదయమున చోకు లాగి బండి కదలించితిమి. కొంత దూరము పోవుసరికి నల్లని పొగ వచ్చి, ఇంజను నిలకడ తప్పినది. కార్బ్యురేటరుదే దోషమని తలచి, మిశ్రమపు స్క్రూను లోనికి త్రిప్పితిమి. ఇంజను కుదుటపడినది. మా తెలివికి మేమే మురిసికొంటిమి. కాని కొండ దిగి కొత్తవలస చేరిన పిమ్మట, కాలు తీసిన ప్రతిచోట ఇంజను ఆగిపోసాగెను. స్టేషను కనుచూపుమేరలో ఉండగానే మా అక్కగారు ఎక్కవలసిన రైలు వెళ్ళిపోయినది.

అచటి వృద్ధ మెకానికు మూత ఎత్తి చూచి, "బాబూ, రోగమొకటి, మందొకటి వేసినారు" అనెను. చోకు తీగ పట్టుకొని పూర్తిగా వెనుకకు పోకుండుటయే పొగకు కారణము. దారి కుదుపులకు అది తనంతట సర్దుకొనెను. మేము త్రిప్పిన స్క్రూ మాత్రము అట్లే ఉండి, మిశ్రమము పలుచనయ్యెను.

ఎత్తు ప్రభావమును లేకపోలేదు. సుమారు 900 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత మైదానముకంటె 8 శాతము తక్కువ. అందుచే బలము తగ్గును. మిశ్రమము 4 శాతము మేరకు చిక్కబడును. ఈపాటి తేడాకు స్క్రూ త్రిప్పనక్కరలేదు. ఇంటివద్ద సరిచేసినదే కొండమీదను చాలును.

సరిచేయుటకు ఒక వరుస కలదు. మొదట గాలి ఫిల్టరు, వాల్వుల సందు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగు చూడవలెను. చోకు పూర్తిగా తెరచుకొనుచున్నదా, ఫ్లోటు మట్టము సరిగా నున్నదా పరీక్షింపవలెను. ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మటనే కార్బ్యురేటరు ముట్టవలెను. సోలెక్సు రకమైనచో మిశ్రమపు స్క్రూను మెల్లగా చివరివరకు త్రిప్పి, అచటినుండి సుమారు ఒకటిన్నర చుట్టు వెనుకకు త్రిప్పి మొదలిడవలెను. బిగించినచో దాని మొన చెడును. ఇంజను వేగముగా, సమముగా పలుకు చోట నిలిపి, పిదప వేగపు స్క్రూతో వేగము తగ్గింపవలెను. జెట్టులో తీగ పొడువరాదు, రంధ్రము పెద్దదగును. ప్లగ్గు మొన నల్లగా మసిబారినచో మిశ్రమము చిక్కన, తెల్లబారినచో పలుచన, కాఫీపొడి రంగున నున్నచో సరియని గ్రహింపవలెను.

నేటి పెట్రోలు విషయమును మరువరాదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఎథనాలు 20 శాతమునకు చేరినది. దానికి కావలసిన గాలి సుమారు 13.5 పాళ్ళే, కావున పాత జెట్టుతో మిశ్రమము కొంత పలుచనగును. పాత రబ్బరు గొట్టములును ఉబ్బి చీలవచ్చును. వానిని మార్చిన పిమ్మటనే సర్దుబాటునకు పూనుకొనవలెను.

చివరిమాట. మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు; ప్రాణము మాత్రము తీయును. ఆరుబయట, పగటివేళ, తొందరపడక పనిచేయుడు. ముందు కారణము వెదకుడు. స్క్రూ చివర త్రిప్పుడు. ఆనాడు మేము ఇంతమాత్రము తెలిసికొనియున్నచో, మా అక్కగారికి ఆ రైలు తప్పియుండెడిది కాదు.