పనికొక్క పనిముట్టు



మా కోస్గిలో మా తరమువారికి పనిముట్లన్నచో నాగలి, గొడ్డలి, కొడవలి, కొలుచుటకు మానిక, లెక్కకు పద్దుపుస్తకము. అవి యుండుచోటు ఇంటిల్లిపాదికిని తెలిసియుండెను. చీకటిలో చేయి చాచినను దొరకెడివి. నేడు పనిముట్లనేకములు అరచేతిలోని సెల్‌ఫోనులోనికి వచ్చి చేరినవి. చేరినవి గాని, ఏది యెక్కడనున్నదో తెలియకున్నది. ఈ చిక్కును గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

గడచిన వానకాలమున నొకనాటి రాత్రి నా భార్యకు ఆయాసము హెచ్చెను. వైద్యుని చీటి పట్టుకొని మందుల దుకాణమునకు పోతిని. జేబులో రూపాయి లేదు. ఫోను కలదన్న ధైర్యము. అందులో డబ్బు చెల్లించు యాప్‌లు మూడు, వానికి మూడు బ్యాంకుఖాతాలు, మూడు రహస్యసంఖ్యలు. తొందరలో ఒకదాని సంఖ్య మరియొకదానికి నొక్కితిని. పలుమారులు తప్పగుటచే నది మూతపడెను. రెండవదియు నట్లే యయ్యెను. చాలకాలము వాడనందున మూడవది తెరచుకొననే లేదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడను, నాలుగంకెలు సరిగా నొక్కలేక నిలువబడితిని. దుకాణదారుడు నా మొగము చూచి, “ముందు మందు దీస్కపోండ్రి సారూ, పైసలు రేపియ్యిండ్రి” అని పద్దుపుస్తకములో నా పేరు వ్రాసికొనెను. ఆ రాత్రి మమ్ము గట్టెక్కించినది ఆతని నమ్మకమే.

మరునాడు కాగితము తీసి, నేను ఫోనుతో నిజముగా చేయు పనులేవో వ్రాసితిని. పిల్లలతో మాటలాడుట, డబ్బు చెల్లించుట, పత్రములు దాచుట, భూమి దస్త్రము చూచుట, రైలు టికెట్టు కొనుట. పనులైదు, యాప్‌లు నలువదికి పైగా నుండెను!

వ్యాకరణము చదివిన నాకు అప్పుడు పాణిని జ్ఞప్తికి వచ్చెను. ఆయన సుమారు 4,000 సూత్రములలో సంస్కృతభాషనంతయు నిమిడ్చెను. ఒక సూత్రములో చెప్పిన పదము క్రింది సూత్రములకును వర్తించును, మరల చెప్పడు. దీనిని అనువృత్తి యందురు. లాఘవమనగా కావలసినదానిని విడుచుట కాదు. ఒక్కమారు చాలినదానిని రెండుమారులు పెట్టుకొనకుండుట.

ఈ సూత్రమునే ఫోనునకు పట్టించితిని. 2016లో ప్రారంభమైన యూపీఐ పద్ధతిలో ఏ యాప్‌నుండియైనను వేరొక యాప్ వాడువారికి డబ్బు పంపవచ్చును. కావున మూడేల? ఒక్క యాప్, ఒక్క ఖాతా నిలిపితిని. ఆ ఖాతాలో ఆ నెల ఖర్చులకు చాలినంతయే యుంచుచున్నాను. తప్పు జరిగినను పోవునది కొంచెమే. పత్రములకు 2015లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన డిజీలాకర్ చాలును. సంబంధిత శాఖలు అందులోనికి జారీచేసిన పత్రములు చట్టము దృష్టిలో అసలు పత్రములతో సమానములు. రైల్వేవారు సైతము 2025 జూలైలో రైల్‌వన్ అను ఒక్క యాప్‌లో పలు టికెట్లను కూర్చిరి.

భూమి సంగతి వేరు. మహబూబ్‌నగరు జిల్లాలోని మా కోస్గి 2019లో నారాయణపేట జిల్లాలో చేరినది. ఊరు కదలలేదు, జిల్లా పేరు మారినది. దస్త్రములును నట్లే. 2020 అక్టోబరులో ధరణి వచ్చెను. 2025 ఏప్రిలులో దాని స్థానమున భూభారతి వచ్చెను. ద్వారములు మారుచుండును గాని, మన సర్వేనంబరును పాసుపుస్తకము నంబరును మనవద్దనే యుండవలెను. వానిని కాగితముపై వ్రాసికొంటిని. పాత ద్వారమును ఫోనునుండి తొలగించితిని.

పిమ్మట గంటలు మాన్పించితిని. ఫోను పిలుపునకును, బ్యాంకు సందేశమునకును దప్ప మరి దేనికిని అది మ్రోగదు. వాట్సాప్‌లో ఇంటివారిది, వాడకట్టువారిది, రెండు గుంపులు మాత్రమే నిలిపితిని. ఉదయమున పూలబొమ్మలు రాకున్నను సూర్యుడు ఉదయించుచునే యున్నాడు.

గోడకు నొక చిన్న పుస్తకము వ్రేలాడుచున్నది. అందులో వైద్యునిది, పిల్లలవి నంబర్లు గలవు. సైబరు మోసము జరిగినచో వెంటనే పిలువవలసిన 1930 కూడ గలదు. రహస్యసంఖ్య మాత్రము అందు లేదు. దానిని ఎవ్వరికిని చెప్పరాదు. డబ్బు పుచ్చుకొనుటకు ఆ సంఖ్య అక్కరలేదు. అడిగినవాడు మోసగాడని యెరుగుడు. డబ్బాలో కొంత నగదును ఎల్లప్పుడు నుంచుచున్నాను.

“ఇంత బాధయేల? ఫోనునే పారవేయరాదా?” యని నా మిత్రుడొకడనెను. నేనొప్పలేదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినది. 2021 నుండి, ఆ సదుపాయము గల పింఛనుదారుడు ఇంట గూర్చుండి ఫోనునకు మొగము చూపి తాను బ్రతికియున్నట్లు ఋజువు చేసికొనవచ్చును. మోకాళ్లనొప్పులవానికి ఇది చిన్న మేలా? గొడ్డలి మొద్దుబారినచో నూరుకొందుము గాని పారవేయము.

పెద్దలకు నేను చెప్పు పరీక్ష యొక్కటే. మనుమడు ఇంట లేనినాడు, రాత్రివేళ, తొందరలో, ఆ పని మీరొక్కరే చేయగలరా? చేయగలిగిన నది మీ పనిముట్టు. లేనిచో మీరే దానికి పనివారు.

దుకాణదారుని బాకీ మరునాడే తీర్చితిని. నా పేరు కొట్టివేసెను. నా భార్యయు కోలుకొన్నది. ఇప్పుడు తన మందులకు తానే చెల్లించుచున్నది, నన్నడుగుట లేదు.